ఎండే మందు: జబ్బుపడిన ఊసరవెల్లికి ఉపచారం

ఊసరవెల్లి పేరును మనం మంచి అర్థంలో వాడము. పూటకొక మాట చెప్పే మనిషిని ఊసరవెల్లి అంటాము. నిజానికి ఈ ప్రాణి ఎవరినీ మోసగించటానికి రంగులు మార్చదు. తాను కూర్చున్న కొమ్మ రంగును చూసి దానిని అనుకరిస్తుందనే మాట కూడా చాలవరకు అపోహే. అది చలికి ముడుచుకున్నదా, బెదిరినదా, జతను వెదుకుతున్నదా, జబ్బుపడినదా అన్న సంగతి దాని చర్మం మీద కనిపిస్తుంది. చదవటం తెలిసినవారికి దాని రంగు అబద్ధం కాదు, నివేదిక.

ఈ నివేదికను చదవలేకపోవటం వలన చాలా ఊసరవెల్లులు ప్రాణాలు పోగొట్టుకుంటున్నవి. అమెరికాలోను, ఐరోపా దేశాలలోను వీటిని ముచ్చటపడి ఇళ్లలో పెంచేవారు చాలామంది ఉన్నారు. అక్కడ ఎక్కువగా కనిపించేది యెమెన్ ఊసరవెల్లి. దీని శాస్త్రనామం కెమీలియో కాలిప్ట్రేటస్. యెమెన్ దేశపు పడమటి కొండసీమలు, వాటిని ఆనుకొని ఉన్న సౌదీ అరేబియా నైరుతి భాగం దీని పుట్టిల్లు. తలమీద కిరీటం వంటి ఎత్తైన తొడుగు దీని గుర్తు. మగది తోకతో కలిపి సుమారు రెండు అడుగుల వరకు పెరుగుతుంది.

పెంచేవారికి దానిమీద ప్రేమ లేక కాదు, తిండి పెట్టక కాదు, అది జబ్బుపడేది. దాని జబ్బులలో పెక్కు సూక్ష్మజీవులతో మొదలు కావు. దానికి ఉండవలసినది ఏదో లేకపోవటంతో మొదలవుతాయి. అది ఏమిటో తెలుసుకుంటే ఉపచారం ఎట్లా చేయవలెనో దానంతట అదే తెలుస్తుంది.

ఒక పంజరం కథ

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆరు నెలల వయసున్న యెమెన్ ఊసరవెల్లి ఒకటి ఒక ఇంటికి వచ్చిందనుకుందాం. దానిని అందమైన గాజుపెట్టెలో ఉంచారు. వెలుతురు కోసం పెట్టెను కిటికీ పక్కన పెట్టారు. వెచ్చదనం కోసం ఒక మామూలు బల్బు అమర్చారు. చిన్న గిన్నెలో నీళ్లు పోశారు. రోజూ కడుపునిండా ఇలకోళ్లను వేశారు. ఇంతకంటె ఏమి కావాలి అనిపిస్తుంది.

కొన్ని వారాలు గడిచినవి. ఊసరవెల్లి పైకొమ్మకు ఎక్కటం మానివేసింది. కొమ్మను గట్టిగా పట్టుకోలేక జారిపడుతున్నది. నడిచేటప్పుడు పొట్టను నేలనుంచి పైకి ఎత్తలేక ఈడ్చుకుంటూ పోతున్నది. ముంగాళ్లు మోచేతి దగ్గర వంకర తిరిగినవి. నాలుకను విసిరితే అది పురుగు దాకా చేరటం లేదు. పచ్చగా ఉండవలసిన ఒళ్లు పగలంతా నల్లగా, మురికిగా ఉన్నది. పగలే కళ్లు మూసుకొని కూర్చుంటున్నది.

ఈ లక్షణాలలో ఒక్కొక్కదానికి ఒక అర్థం ఉన్నది.

ముందు రంగు సంగతి చూద్దాం. జెనీవా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు 2015లో ఊసరవెల్లి చర్మపు రహస్యాన్ని వివరించారు. దాని చర్మ కణాలలో గ్వానిన్ అనే పదార్థపు అతిసూక్ష్మ స్ఫటికాలు వరుసలు తీరి ఉంటాయి. ప్రాణి ప్రశాంతంగా ఉన్నప్పుడు అవి దగ్గర దగ్గరగా ఉండి నీలికాంతిని తిప్పి పంపుతాయి. దానికి చర్మంలోని పసుపు వర్ణకం తోడై ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఉద్రేకపడినప్పుడు స్ఫటికాల మధ్య దూరం పెరుగుతుంది. అప్పుడు పసుపు, నారింజ రంగులు బయటపడతాయి. ఇవి కాక నల్లని వర్ణకం గల కణాలు వేరే ఉన్నవి. వాటి వర్ణకం పైకి పరచుకుంటే ఒళ్లు నల్లబడుతుంది. తెల్లవారుజామున చలిగా ఉన్నప్పుడు నల్లబడటం సహజమే. నల్లని ఒళ్లు ఎండ వేడిని త్వరగా గ్రహిస్తుంది. కాని వెచ్చబడిన తరువాత కూడా రోజంతా నల్లగానే ఉంటే ఆ ప్రాణి బాధలో ఉన్నదని అర్థం.

కళ్లు లోపలికి గుంటలు పడితే ఒంట్లో నీరు తగ్గిందని గుర్తు. ఊసరవెల్లి విసర్జించే పదార్థంలో తెల్లని ముద్ద ఒకటి ఉంటుంది. మనం మూత్రంలో యూరియాను వదిలినట్లు అది యూరిక్ ఆమ్లాన్ని ఇట్లా గట్టిముద్దగా వదులుతుంది. ఆ ముద్ద తెల్లగా ఉంటే మంచిదే. పసుపుపచ్చగానో, నారింజ రంగుగానో ఉంటే నీరు చాలటం లేదని తెలుసుకోవలెను. గిన్నెనిండా నీళ్లున్నా ఇట్లా ఎందుకు జరుగుతుంది? చెట్లమీద బ్రతికే ఈ ప్రాణి ఆకులమీది మంచుబిందువులను, వానచినుకులను నాకి దాహం తీర్చుకుంటుంది. కదలకుండా నిలిచి ఉన్న నీటిని అది సాధారణంగా నీరుగా గుర్తించనే గుర్తించదు. నిండుగిన్నె పక్కనే అది దాహంతో చావవచ్చు.

ఇక వంకరకాళ్లు, చేరని నాలుక. ఈ రెండింటికీ మూలం ఒకటే.

ఎముకనుంచి అప్పు

ఎముకకు గట్టిదనం ఇచ్చేవి కాల్షియం, భాస్వరం కలిసిన లవణాలు. కాని కాల్షియం పని ఎముకతోనే తీరదు. కండరం ముడుచుకోవటానికి, నరం వార్త పంపటానికి, గుండె కొట్టుకోవటానికి రక్తంలో అది ఒక నిర్ణీత స్థాయిలో ఉండితీరవలెను. తిండిద్వారా కాల్షియం చాలినంత రాకపోతే శరీరం ఊరుకోదు. మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు ఒక హార్మోనును విడుదల చేస్తాయి. అది ఎముకలలోని కాల్షియాన్ని కరిగించి రక్తంలోకి తెస్తుంది. గుండె ఆగకుండా ఉండటానికి ఎముకను తాకట్టు పెట్టటం వంటిది ఇది. ఒకటి రెండు రోజులకైతే నష్టం లేదు. నెలల తరబడి అప్పు తీర్చకపోతే ఎముక మెత్తబడుతుంది, వంగుతుంది, విరుగుతుంది. దవడ రబ్బరువలె అవుతుంది. చివరకు ఎముక కూడా ఇవ్వలేని స్థితి వస్తే కండరాలు వణకుతాయి, పట్టు సడలుతుంది, నాలుకను విసిరే బలం పోతుంది.

కడుపునిండా ఇలకోళ్లను తింటున్నా కాల్షియం ఎందుకు చాలదు? పురుగులకు మనవలె ఎముకలు లేవు. ఇలకోడి శరీరంలో కాల్షియం కంటె భాస్వరం సుమారు ఏడు రెట్లు ఎక్కువ. ఊసరవెల్లి ఆహారంలో కాల్షియం భాస్వరానికి సమానంగానో, రెట్టింపుగానో ఉండటం మంచిది. అడవిలో అది రకరకాల పురుగులను తింటుంది. ఆ పురుగుల కడుపులో రకరకాల ఆకులు ఉంటాయి. గాజుపెట్టెలో దానికి దొరికేది ఒకే రకం పురుగు, అదీ ఖాళీ కడుపుతో ఉన్నది.

అయితే కాల్షియం పొడిని తిండిలో కలిపితే సరిపోతుందా? సరిపోదు. పేగునుంచి కాల్షియం రక్తంలోకి చేరటానికి డి విటమిన్ కావలెను. ఆ విటమిన్ సంగతి తెలుసుకోవటానికి మనం ఊసరవెల్లిని కొంచెంసేపు విడిచి మనుష్యుల పిల్లల దగ్గరకు పోవలెను.

బెర్లిన్ నగరపు దీపం

మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన రోజులలో జర్మనీలోని బెర్లిన్‌లో ఎంతోమంది పిల్లలు రికెట్స్ వ్యాధితో బాధపడుతుండేవారు. ఎముకలు మెత్తబడి దొడ్డికాళ్లు వచ్చేవి. కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ అనే వైద్యుడు అట్టి పిల్లలను పాదరసపు ఆవిరి దీపం క్రింద, రోజుకు కొంతసేపు చొప్పున ఉంచాడు. ఆ దీపం అతినీలలోహిత కిరణాలను ఇస్తుంది. పిల్లల ఎముకలలో తిరిగి కాల్షియం చేరటం ఎక్స్‌రే చిత్రాలలో కనిపించింది. ఒక చేతికి మాత్రమే కిరణాలు తగిలించినా రెండవ చేతి ఎముకలు కూడా బాగుపడినవి. అంటే కిరణం ఎముకమీద నేరుగా పనిచేయటం లేదు. చర్మంలో ఏదో ఒక పదార్థం తయారై రక్తంద్వారా ఒళ్లంతా ప్రయాణం చేస్తున్నది. 1919లో ఆయన ఈ ఫలితాలను ప్రకటించాడు. 1922లో అమెరికా శాస్త్రజ్ఞుడు మెక్‌కొల్లమ్ కాడ్ చేపనూనెలో రికెట్స్‌ను మాన్పే పదార్థానికి డి విటమిన్ అని పేరు పెట్టాడు. ఈ విటమిన్లకు, స్టెరాల్ అనే పదార్థాలకు గల సంబంధాన్ని పరిశోధించిన జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు విండౌస్‌కు 1928లో నోబెల్ బహుమతి లభించింది.

ఇప్పుడు మనకు ఆ మార్గం స్పష్టంగా తెలుసు. చర్మంలో కొలెస్టరాల్‌కు దగ్గరి చుట్టమైన పదార్థం ఒకటి ఉన్నది. 290 నుంచి 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల అతినీలలోహిత కిరణాలు తగిలితే దాని అణువు నిర్మాణం మారుతుంది. తరువాత ఒంటి వేడివలన అది డి విటమిన్‌గా రూపొందుతుంది. కాలేయంలో ఒకసారి, మూత్రపిండాలలో ఒకసారి మార్పు చెంది, పనిచేసే రూపం పొందుతుంది. అప్పుడు పేగు కాల్షియాన్ని పీల్చుకోగలుగుతుంది. మనిషికైనా, ఊసరవెల్లికైనా మార్గం ఇదే. ఒక్కటే తేడా ఉన్నది. మన ఒంటి వేడి మనమే పుట్టించుకుంటాము. ఊసరవెల్లి వేడిని బయటినుంచి తెచ్చుకోవలెను. కనుక దానికి కిరణమూ కావలెను, వెచ్చదనమూ కావలెను.

ఇప్పుడు గాజుపెట్టెను మళ్లీ చూద్దాం. కిటికీ అద్దంలో నుంచి వెలుతురు వస్తుంది, వేడి వస్తుంది. కాని పైన చెప్పిన కిరణాలను అద్దం దాదాపు పూర్తిగా ఆపివేస్తుంది. మామూలు బల్బు వాటిని ఇవ్వనే ఇవ్వదు. మన కంటికి పెట్టె నిండా ఎండ ఉన్నది. ఊసరవెల్లి చర్మానికి అది చీకటి గది.

ఈ ప్రాణికి ఆ లోటు తెలుస్తుందా? అమెరికాలోని టెక్సాస్‌లో గ్యారీ ఫెర్గూసన్, ఆయన సహచరులు మడగాస్కర్ దీవికి చెందిన పాంథర్ ఊసరవెల్లులమీద పరిశోధన చేసి 2003లో ఫలితాలు ప్రకటించారు. ఆహారంలో డి విటమిన్ తక్కువగా ఇచ్చిన ఊసరవెల్లులు అతినీలలోహిత కిరణాల క్రింద ఎక్కువగా గడిపినవి. ఎక్కువగా ఇచ్చినవి వాటికి దూరంగా తొలగినవి. అంటే తనకు ఎంత ఎండ కావలెనో ఊసరవెల్లికి తెలుసు. ఎంచుకొనే వీలు ఉంటే అదే సర్దుకుంటుంది. పంజరం చేసిన అపకారం ఎండను తీసివేయటం మాత్రమే కాదు, ఎంచుకొనే వీలును తీసివేయటం.

ఏది ముందు, ఏది వెనుక

ఉపచారానికి మొదటి మెట్టు సరీసృపాల వైద్యం తెలిసిన పశువైద్యుడు. ఎముక ఎంత మెత్తబడినదో ఎక్స్‌రే చెబుతుంది. కాల్షియం ఎంత తగ్గినదో రక్తపరీక్ష చెబుతుంది. నోరు తెరిచి ఎగశ్వాస తీస్తుంటే, నోటిలో జిగురు కనిపిస్తుంటే ఊపిరితిత్తుల జబ్బు ఉండవచ్చు. దానికి మందు వేరు. ఆడ యెమెన్ ఊసరవెల్లి జత లేకుండానే గుడ్లు పెడుతుంది. ఒక్కొక్క ఈతలో పదుల కొద్దీ గుడ్లు ఉంటాయి, వాటి పెంకులకు కాల్షియం ఖర్చవుతుంది. గుడ్లు లోపలే చిక్కుకుంటే ప్రాణాపాయం. వీటిని ఇంటివారు ఊహతో తేల్చలేరు. కాల్షియం మందు మోతాదు కూడా వైద్యుడే నిర్ణయించవలెను.

ఇంటివారు చేయవలసిన పని మిగిలినదంతా. ఆ పనికి ఒక వరుస ఉన్నది. జబ్బుపడిన ప్రాణిని చూడగానే మనకు తోచేది తిండి పెట్టటం. ఇక్కడ అది పొరపాటు.

మొదట వెచ్చదనం. ఒళ్లు చల్లగా ఉన్న సరీసృపానికి జీర్ణశక్తి ఉండదు. కడుపులో వేసిన తిండి అక్కడే కుళ్లుతుంది. పంజరంలో ఒకచోట సుమారు 30 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండవలెను. మరొక చివర అంతకంటె అయిదారు డిగ్రీలు తక్కువగా ఉండవలెను. ఎక్కడ కూర్చోవలెనో అదే నిర్ణయించుకుంటుంది. రాత్రి దీపాలు ఆర్పి చల్లబడనివ్వవచ్చు. గాజుపెట్టె స్థానంలో గాలి ఆడే జాలి పంజరం మంచిది.

రెండవది నీరు. ఆకులమీద గోరువెచ్చని నీటిని సన్నని తుంపరగా కొంతసేపు చల్లవలెను. పైన ఒక పాత్ర పెట్టి చుక్క చుక్కగా ఆకులమీద పడేటట్లు అమర్చితే ఇంకా మంచిది. ప్రాణి నెమ్మదిగా వచ్చి నాకుతుంది. నోరు బలవంతంగా తెరిచి నీళ్లు పోయకూడదు. దీని శ్వాసనాళపు ద్వారం నోటి అడుగుననే, ముందువైపున ఉంటుంది. నీరు ఊపిరితిత్తులలోకి పోతుంది. పైగా మెత్తబడిన దవడ మన వేళ్లమధ్యనే విరగవచ్చు.

మూడవది కిరణం. ఎండ ఉన్న దేశకాలాలలో ఎండను మించినది లేదు. ఉదయపు ఎండలో జాలి పంజరాన్ని కొంతసేపు బయట ఉంచవచ్చు. సగం పంజరానికి ఆకుల నీడ తప్పనిసరి. మనిషి దగ్గర ఉండటమూ తప్పనిసరి. గాజుపెట్టెను మాత్రం ఎన్నడూ ఎండలో పెట్టకూడదు. కొద్ది నిమిషాలలో లోపలి వేడి ప్రాణం తీస్తుంది. చలిదేశాలలో ఈ కిరణాలను ఇచ్చే ప్రత్యేక దీపాలు వాడతారు. దీపానికి, ప్రాణికి మధ్య అద్దం ఉండకూడదు. ఈ దీపాలలో ఒక మోసం ఉన్నది. నెలలు గడిచేకొద్దీ వాటి అతినీలలోహిత శక్తి తగ్గుతుంది. కంటికి కనబడే వెలుగు మాత్రం అట్లాగే ఉంటుంది. కనుక తయారుచేసినవారు చెప్పిన గడువుకు, వెలుగుతున్నా సరే, మార్చవలెను.

తిండి నాలుగవది. ఇలకోళ్లకు ఒక రోజు ముందుగా ఆకుకూరలు పెట్టి, వాటి కడుపు నింపి, పైన కాల్షియం పొడి అద్ది ఇవ్వవలెను. నాలుక బలహీనంగా ఉన్నన్నాళ్లు పురుగును పట్టకారుతో దగ్గరగా చూపవలెను. డి విటమిన్ పొడిని మంచిదే కదా అని ఎక్కువ వేయకూడదు. అది కొవ్వులో నిలువ ఉంటుంది. మితిమీరితే మూత్రపిండాలలో, రక్తనాళాలలో కాల్షియం పేరుకొని మరొక జబ్బు తెస్తుంది. ఎండవలన తయారయ్యే విటమిన్‌లో ఈ భయం లేదు. చర్మంలో అది మితిమీరితే ఆ కిరణాలే దానిని పనికిరాని పదార్థాలుగా విడగొడతాయి.

అయిదవది విశ్రాంతి. కొమ్మలను నేలకు దగ్గరగా అమర్చి, క్రింద మెత్తని గుడ్డ పరచవలెను. పడినా ఎముక విరగదు. చుట్టూ ఆకులు ఉంటే దాగి ఉన్నానన్న ధైర్యం దానికి కలుగుతుంది. కొమ్మను పట్టుకొని ఉన్నప్పుడు లాగకూడదు. చేతిని ముందుపెట్టి, అదే ఎక్కేవరకు ఆగవలెను. ప్రేమతో ఒడిలో పెట్టుకోవటం మనకు తృప్తి, దానికి భయం.

వారానికొకసారి తూకం వేసి, తేదీతో సహా వ్రాసిపెట్టవలెను. రంగు, విసర్జించిన ముద్ద రంగు, ఎక్కిన కొమ్మ ఎత్తు కూడా వ్రాయవలెను. సరీసృపం నెమ్మదిగా జబ్బుపడుతుంది, నెమ్మదిగానే కోలుకుంటుంది. వణుకు కొద్ది రోజులలో తగ్గవచ్చు. ఎముక గట్టిపడటానికి నెలలు పడుతుంది. అప్పటికే వంగిన కాలు వంకరగానే గట్టిపడుతుంది. ఆలస్యమైతే కొన్ని దక్కవు కూడా. దక్కినది ఒకనాటి ఉదయం పొట్టను నేలనుంచి ఎత్తి, వంకరకాళ్లతోనే పైకొమ్మ ఎక్కి, ఆకుపచ్చగా మారి ఎండకు పక్క తిప్పి కూర్చుంటుంది. వైద్యం ఫలించిందని చెప్పటానికి అంతకంటె వేరే రుజువు అక్కరలేదు.

తరగతిలో ఒక ప్రయోగం

కాల్షియం లేని ఎముక ఎట్లా ఉంటుందో విద్యార్థులకు సులభంగా చూపవచ్చు. ఉడికించిన కోడి కాలి ఎముకను శుభ్రం చేసి, గాజుసీసాలో వేసి, మునిగేటట్లు వినెగర్ పోయండి. రెండు మూడు రోజులకొకసారి వినెగర్ మార్చండి. వారం పది రోజులకు ఎముకను తీసి కడిగి వంచి చూడండి. ఆకారం మారదు, కాని రబ్బరువలె వంగుతుంది. ఆమ్లం లవణాలను కరిగించింది. మిగిలినది మాంసకృత్తుల అల్లిక. ఊసరవెల్లి ఒంట్లో జరిగే మార్గం వేరైనా, లవణం పోయిన ఎముక బరువు మోయలేదన్న సత్యం ఒకటే.

మన ఊసరవెల్లి

మన తెలుగుదేశంలోనూ నిజమైన ఊసరవెల్లి ఉన్నది. దాని శాస్త్రనామం కెమీలియో జైలానికస్. కంచెమీద తల ఆడిస్తూ, మెడ ఎర్రబరచుకొనే తొండను కొందరు ఊసరవెల్లి అంటారు, అది వేరు. అసలు ఊసరవెల్లి కాలివేళ్లు రెండు గుంపులుగా విడి పట్టకారువలె కొమ్మను పట్టుకుంటాయి. తోక చుట్ట చుట్టుకుంటుంది. రెండు కళ్లు వేరువేరు దిక్కులకు తిరుగుతాయి. దీనికి విషం లేదు. ఊరికే భయపడి రాళ్లు రువ్వటం అన్యాయం.

ఇంతవరకు చెప్పిన ఉపచారం చదివి, ఒక దానిని తెచ్చి పెంచుదామని ఏ విద్యార్థీ అనుకోరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన ఊసరవెల్లిని పట్టటం, పెంచటం, అమ్మటం నేరం. గాయపడినది కనిపిస్తే ఒక కొమ్మమీదకు ఎక్కించి, గాలి ఆడే పెట్టెలో నీడన ఉంచి, అటవీశాఖవారికి వెంటనే తెలియజేయవలెను. తిండి పెట్టే ప్రయత్నం చేయవద్దు.

జబ్బుపడిన యెమెన్ ఊసరవెల్లికి ఇచ్చే మందులను లెక్కపెట్టి చూడండి: వెచ్చదనం, ఆకుమీది నీటిచుక్క, ఎండ, ఆకులు తిన్న పురుగు, దాగటానికి కొమ్మ. ఇవన్నీ అది పుట్టిన కొండలలో అడగకుండానే దొరికేవి. మన పొలంగట్టుమీది తుమ్మచెట్టు మన ఊసరవెల్లికి ఇవన్నీ ఇప్పటికీ ఇస్తున్నది. ఆ చెట్టును, దానిమీది ప్రాణిని ఉన్నచోటనే ఉండనిస్తే ఏ ఉపచారమూ అక్కరలేదు.